సైకిలు కోసం కొన్న పొడుగు కారు

కారున్నవాళ్ళకు సైకిలెందుకు, సైకిలున్నవాళ్ళకు కారెందుకు అని ఆ ఏడాది మా సారపాకలో నన్నడగని మనిషి లేడు. తొంభైల్లో మా వైపు లెక్క చాలా తేలిక. ముందు సైకిలు, ఆ తర్వాత మోపెడు, ఆ తర్వాత మోటారు సైకిలు, దేవుడు చల్లగా చూస్తే కారు. పైది రాగానే కిందిదాన్ని అమ్మేయాలి. అలాంటిది, సైకిలును లోపల పెట్టుకుని తిప్పడానికి కారు కొంటున్నాం అంటే మాకు పిచ్చి పట్టిందనుకోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. పిచ్చి పట్టిన మాట నిజమే. కాకపోతే పట్టింది నాక్కాదు, మా నాన్నకి.

నేను సైకిలు పోటీల్లో తొక్కేదాన్ని. ఇప్పుడీ మాట చెబితే ఎదుటివాళ్ళు నా మొహం వదిలేసి మోకాళ్ళ వంక చూస్తారు. చూడనీ. పొద్దున్నే బూర్గంపాడు రోడ్డు మీద, పేపరు మిల్లుకు జామాయిల్ దుంగలు మోసుకొచ్చే లారీలకు ఎదురు తొక్కుతూ నేర్చుకున్నాను. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన రేసు సైకిలు నాది. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. ఊళ్ళో సైకిలు షాపాయన దానికి గాలి కొట్టాలంటేనే భయపడేవాడు.

తొక్కడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. పోటీ జరిగే ఊరికి ఆ సైకిలును ఒంటి మీద దెబ్బ లేకుండా చేర్చడమే కష్టం. మొదటి ఏడాది జిల్లా జట్టు సెలక్షన్లు ఖమ్మంలో పెట్టారు. బస్సు టాపు మీద కట్టించాం. దారిలో ఎవరో రైతు మిర్చి బస్తాలు ఎక్కించాడు, సరిగ్గా దాని మీదే. ఖమ్మంలో దించేసరికి ముందు చక్రం ఎనిమిది అంకెలా వంకర తిరిగి ఉంది. మరుసటి ఏడు నాన్న లారీలో వేశాం. ముందు ఆ లారీ మిల్లు గేటు దగ్గర లైన్లో ఇరుక్కుంది, అన్‌లోడయ్యి బయటపడ్డాక ఖాళీ లారీలో నా సైకిలు దారి పొడుగునా బంతిలా ఎగిరెగిరి పడింది. మేం వెళ్ళేసరికి అక్కడ కప్పులు పంచుతున్నారు. ఇక మూడో ఏడు. అదే ఆఖరు, ఎందుకంటే ఆ ఏడు దాటితే నాకు వయసు దాటిపోతుంది. ఆపైన పెద్దవాళ్ళ పోటీలు మా జిల్లాలో ఆడపిల్లలకు లేనే లేవు. ఈసారి సెలక్షన్లు కొత్తగూడెంలో అని తెలిసిన రోజు నేను అన్నం తినకుండా కూర్చుని ఏడ్చాను. సైకిలు ఎట్లా పోతుందని.

"ఏడువకు. కారు కొందాం" అన్నాడు నాన్న.

అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన పుట్టు డ్రైవరు. ఒకరి లారీ నడిపి నడిపి, చివరికి తనే రెండు లారీలకు ఓనరయ్యాడు. ఓనరయ్యాకే ఆయనకు కష్టకాలం మొదలైంది. డ్రైవర్లను పెట్టాక ఆయనకు నడపడానికి ఏమీ మిగల్లేదు. మిల్లు గేటు బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, కూర్చున్న చోటే కుడికాలు ఆక్సిలేటరు తొక్కుతూ ఉండేది. బస్సులో ఎక్కితే మలుపు మలుపుకీ చెయ్యి గేరు కోసం వెతుక్కునేది, పక్కన కూర్చున్నవాళ్ళు తిట్టేవాళ్ళు. అలాంటి మనిషికి కూతురి సైకిలు అనే సాకు దొరికింది. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం.

"కారెందుకు, వ్యాను కొను. పదిమంది పడ్తరు, సైకిల్ కూడా పడ్తది" అంది అమ్మ, చిలక్కి చెప్పినట్టు.

"ముందల బానెట్ లేని బండి బండేనా? డబ్బాకు చక్రాలు పెట్టినట్టుంటది."

"మరి జీపు?"

"జీపుల పికప్ ఏడుంటది?"

పికప్ అనే మాట ఆ నెలంతా మా ఇంట్లో ఉప్పూ పప్పూ అయిపోయింది. బండి కిందికి ఉండాలి, మలుపులో తూలకూడదు, తొక్కితే ముందుకు దూకాలి, ఏ బస్సునైనా దాటెయ్యాలి, పైగా నా సైకిలు చక్రం విప్పకుండా లోపల పడుకోవాలి. ఈ కోరికలు విని మా నాయనమ్మ, "పిల్లకు సంబంధం సూస్తున్నవా, బండి సూస్తున్నవా?" అంది.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఖమ్మంలో సెకండ్ హ్యాండు కార్ల బ్రోకరు ఉన్నాడు. కారులో సైకిలు పడుతుందో లేదో చూడాలంటే సైకిలును ఖమ్మం తీసుకుపోవాలి. సైకిలును ఖమ్మం క్షేమంగా తీసుకుపోగలిగితే అసలు కారే అక్కర్లేదు. ఈ సంగతి మీద నాన్న ఒక సాయంత్రమంతా ఆలోచించాడు. పొద్దున్నే నేను లేచి చూస్తే వరండాలో వెదుర్లు పరిచి ఉన్నాయి. మిల్లుకు వెదురొచ్చే ఊళ్ళో వెదురుకు కొదవేముంది. నా సైకిలును గోడకు ఆనించి, దానికి సరిగ్గా సరిపోయేట్టు వెదురు బద్దలు నరికి, తాడుతో బిగించి కట్టాడు. రెండు బద్దలు వంచి చక్రాలు కూడా చేశాడు. నేను నోరెళ్ళబెట్టాను.

"కొలత కోసం. ఇంచు కూడా తేడా రాదు" అన్నాడు గర్వంగా.

ఆ వెదురు సైకిలును భుజాన వేసుకుని మేమిద్దరం ఖమ్మం బస్సెక్కాం. కండక్టరు దాని చుట్టూ ఓసారి తిరిగాడు.

"గిదేంది?"

"సైకిల్" అన్నాడు నాన్న.

"సైకిల్‌కి లగేజి టికెట్ కొట్టాలె."

"సైకిల్ కాదు, వెదురు."

"వెదురుకు గూడ కొట్టాలె."

కొట్టించుకున్నాం. ఖమ్మంలో దిగి బ్రోకరు షెడ్డు దాకా నడుస్తుంటే జనం దారి వదులుతున్నారు. ఒకాయన ఆగి మరీ, ఏ ఊరేగింపుకు తీసుకుపోతున్నారని అడిగాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. నాన్న మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నడుస్తున్నాడు.

బ్రోకరు మంచి మాటకారి. అన్నా అన్నా అంటూ ముందు ఒక గుండ్రటి పెద్ద కారు చూపించాడు. వెదురు సైకిలును వెనక సీటు మీద వేస్తే భేషుగ్గా పట్టేసింది. నాన్న మొహం చేటంత అయింది. బేరం ఒక కొలిక్కి వస్తోందనగా నేను, "హ్యాండిల్ ఏది నాయినా?" అన్నాను. గోడకు ఆనించి కొలిచాడు కదా, సైకిలుకు పొడుగూ ఎత్తూ వచ్చాయి గానీ వెడల్పు రాలేదు. అప్పడంలా పలచగా ఉంది. అలాంటి సైకిలు కారు సీటు కిందయినా పడుతుంది. నాన్న కాసేపు దాని వంక చూసి, బ్రోకరును ఒక కర్రముక్క అడిగి, హ్యాండిలుకు బదులు అడ్డంగా కట్టాడు. అంతే, ఆ గుండ్రటి కారు సైకిలును రానివ్వలేదు. ఆ పక్కనున్నదీ రానివ్వలేదు. ఒక కారులో సైకిలు పట్టింది గానీ, పట్టాక డ్రైవరు పట్టడం లేదు. బ్రోకరుకు తల ప్రాణం తోకకొచ్చింది.

"అన్నా, నీకు గావాల్సింది కారు గాదు, కొట్టం" అన్నాడు చివరికి. అన్నాక ఏదో గుర్తొచ్చినట్టు షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు.

అక్కడ ఉంది ఆ బండి. ముందు నుంచి చూస్తే మామూలు కారే. వెనక డిక్కీ ఉండాల్సిన చోట పైకప్పు అలాగే సాగిపోయింది, పక్కల అద్దాలు, వెనక పైకి లేచే తలుపు. ఎస్టేటు కారు అంటారట. పొడుగ్గా, నేలకు దగ్గరగా, ఎండకు రంగు వెలిసిన నీలంలో ఉంది. వెదురు సైకిలు అడ్డకర్రతో సహా లోపలికి వెళ్ళి హాయిగా పడుకుంది. ఇంకా నేను పక్కన కూర్చోవడానికి జాగా మిగిలింది. ఒక్కటే లోపం, వెనక తలుపు పైకి లేపితే నిలబడదు, నెత్తిన పడుతుంది. బ్రోకరు ఆ మాట చెప్పేలోపే నాన్న డ్రైవరు సీట్లో ఉన్నాడు.

ఆ టెస్టు డ్రైవు నేను జన్మలో మరిచిపోను. బ్రోకరు ముందు, నేనూ వెదురు సైకిలూ వెనక. ఊరు దాటి కొత్తగూడెం రోడ్డెక్కగానే నాన్న ఒక్క తొక్కు తొక్కాడు. ఒక బస్సును దాటాడు, రెండు ట్రాక్టర్లను దాటాడు, ఆ తర్వాత దాటడానికి ఎవరూ లేకపోతే వెనక్కి తిప్పుకొచ్చి అదే బస్సును మళ్ళీ దాటాడు. మలుపుల్లో నేనూ వెదురు సైకిలూ కలిసి ఈ పక్క నుంచి ఆ పక్కకు జారుతున్నాం. బ్రోకరు డ్యాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకుని, "అన్నా, బండి ఇంకా నీది కాలే" అంటూనే ఉన్నాడు. అద్దంలో నాన్న మొహం చూశాను. ఏళ్ళ తరబడి ఆకలి మీదున్న మనిషి విస్తరి ముందు కూర్చున్నట్టుంది. ఆ క్షణాన నాకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. బతికి దిగితే చాలనీ అనిపించింది.

కొనేశాం. సాయంత్రం ఆ బండిలోనే ఇంటిదారి పట్టాం. అడవి మొదలయ్యే చోట చెక్‌పోస్టు ఉంటుంది, టేకు దొంగతనంగా పోకుండా బండ్లు ఆపి చూస్తారు. అంత పొడుగు కారును చూడగానే గార్డుకు కళ్ళు మెరిశాయి. వెనక తలుపు తీయించాడు, తలుపు నెత్తిన పడింది, మళ్ళీ లేపించాడు. లోపల టేకు లేదు. వెదురు సైకిలు ఉంది.

"వెదురు ఫారెస్టు సరుకు. పర్మిట్ ఏది?"

"గిది వెదురు గాదు సార్, సైకిల్" అన్నాడు నాన్న.

గార్డు దాన్ని పైనుంచి కిందికి చూశాడు. చాలా ఓపికగా, "సైకిలైతే తొక్కి చూపియ్" అన్నాడు.

అరగంట వాదించాం. పర్మిట్ లేని వెదురును వదలడానికి ఆయన ఒప్పుకోలేదు, తొక్కడానికి వెదురు సైకిలు ఒప్పుకోలేదు. చివరికి దాన్ని అక్కడే వదిలేసి వచ్చాం. అడ్డకర్ర మాత్రం ఖమ్మంలో దొరికిన తుమ్మకర్ర కాబట్టి తిరిగిచ్చాడు. తలుపుకు పోటు పెట్టుకోవడానికి పనికొచ్చింది.

ఇంటికొచ్చేసరికి వీధి వీధంతా బయటే ఉంది. అమ్మ ఒక్క చూపు చూసి, "దవాఖానా బండి లెక్కున్నది" అంది. నాయనమ్మ చుట్టూ తిరిగి, వెనకున్న జాగా చూసి, మంచం పడుతుందని తేల్చింది. ఆ కారును మెచ్చుకోవడం అంటే ఆమెకు అదే. నేను మాత్రం నా అసలు సైకిలును తెచ్చి, లోపలికి నెట్టి, తలుపు వేశాను. ఎక్కడా తగల్లేదు. అద్దంలోంచి దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఈసారి చేరుతుంది, ఈసారి నేను తొక్కుతాను అనుకున్నాను. అంత సంతోషం నాకు అంతకుముందు ఎరుక లేదు.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు ఇంటికొచ్చి బండికి ప్రార్థన చేశారు. అయ్యగారు ప్రార్థనలో ఏదీ వదలరు. నాలుగు టైర్లు, స్టెప్నీ, బ్రేకు, దారిలో ఎదురొచ్చే గేదెలు, అన్నీ వచ్చాయి. ఆమెన్ అన్నాక నేను సైకిలు వంక చూపిస్తే, దాని సీటు మీద చెయ్యి పెట్టి విడిగా మరో ప్రార్థన చేశారు. సెలక్షన్లు ఆ శనివారమే.

ఇక్కడ లారీ వాళ్ళ ఆనవాయితీ ఒకటి చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. కొత్త బండికి బోణీ ట్రిప్పు అని ఉంటుంది. పూజో ప్రార్థనో అయ్యాక ఇంటి నుంచి బయల్దేరే మొదటి ప్రయాణం. ఆ ట్రిప్పులో దారిలో చెయ్యెత్తినవాళ్ళను కాదనకుండా ఎక్కించుకోవాలి, ఎక్కినవాళ్ళను దించకూడదు. దించితే ఆ బండి జన్మలో కలిసిరాదు. నాన్న తన రెండు లారీలకూ అలాగే చేశాడు. లారీ అంటే వెనక ఊరంత జాగా ఉంటుంది, ఎంతమంది ఎక్కినా ఏం పోయింది. ఇది కారు, అందులో నా సైకిలు ఉంది అనే తేడా ఆయన బుర్రకు తట్టలేదు. నిజం చెప్పాలంటే నాక్కూడా తట్టలేదు.

శనివారం ఇంకా వెలుగు సరిగా రాకముందే లేచి తయారయ్యాం. అమ్మ, నాయనమ్మ ఎటూ వస్తారు. ప్రార్థన చేసినవాళ్ళను పిలవకపోతే బాగుండదని అయ్యగారు, అమ్మగారు కూడా వచ్చారు. ముందు నాన్న, అయ్యగారు. వెనక సీట్లో ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో పులిహోర గిన్నె. దాని వెనక సైకిలు, సైకిలు పక్కన కాళ్ళు ముడుచుకుని నేను. ఇంతవరకు అంతా బాగానే ఉంది.

మిల్లు సెంటరు దాటుతుంటే నైటు షిఫ్టు దిగిన కాంట్రాక్టు కూలీలు ఒక గుంపు బస్సు కోసం నిలబడి ఉన్నారు. పాల్వంచ పోవాలట. చెయ్యెత్తారు. నాన్న బ్రేకు వేశాడు.

"నాయినా, ఎందుకాపినవ్?"

"బోణీ ట్రిప్పు బిడ్డా."

వాళ్ళే వెనక తలుపు లేపారు. లోపల సైకిలును చూసి ఆగిపోయారు. సైకిలు ఎక్కడ పెడదాం అన్నట్టు నా వంక చూశారు. నేను నాన్న వంక చూశాను. నాన్న అద్దంలోకి చూడటం మానేశాడు.

"సైకిల్ నడిచేదే గదనే, నడుస్తది. మనుషులు ఎట్ల నడుస్తరు, రాత్రంత పని చేసి వచ్చిన్రు" అంది నాయనమ్మ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ కారు ఎందుకు కొన్నాం, వెదురు సైకిలు మోసుకుని ఖమ్మం అంతా ఎందుకు తిరిగాం అని అరిచాను. వాళ్ళను వద్దనమని నాన్నతో నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. ఆయన స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకుంటూ, "ఎట్ల అంటం బిడ్డా, బోణీ" అన్నాడు. మరి నేను? నేనూ ఎక్కినదాన్నే కదా, నన్నెలా దించుతావు అన్నాను. దానికీ ఆయన దగ్గర జవాబుంది. "నేను దించుతలేను. నీ అంతల నువ్వు దిగితే తప్పు లేదు."

అయ్యగారు, ఇందులో వాక్యానికి విరుద్ధమైందేమీ లేదన్నారు.

దిగాను. ఎందుకు దిగానంటే, దిగకపోతే ఆ వాదన తెమలదు, వాదన తెమలకపోతే ఈ ఏడు కూడా పోటీ పోతుంది. సైకిలును లాగి, ఎక్కి, తొక్కడం మొదలుపెట్టాను. వాళ్ళు నా జాగాలో సర్దుకుని కూర్చుని, తలుపుకు తుమ్మకర్ర పోటు పెట్టి, కాళ్ళు బయటికి వేలాడేశారు.

సారపాక నుంచి కొత్తగూడెం దాకా అడవి రోడ్డు. ముందు నేను, వెనక నా సైకిలు కోసం కొన్న కారు. మొదట్లో నాన్న నన్ను దాటి ముందుకెళ్ళి ఆగేవాడు. ఆగిన చోటల్లా ఎవరో ఒకరు చెయ్యెత్తి ఎక్కేస్తున్నారు. అది చూసి ఆగడం మానేసి నా వెనకాలే రావడం మొదలుపెట్టాడు. రెండో గేరులో, హారను కొట్టకుండా. ఎదురొచ్చే లారీ డ్రైవర్లు, ఒక ఆడపిల్ల సైకిలు వెనక నిండుగా జనాన్ని కుక్కిన పొడుగు కారు పాకుతూ రావడం చూసి బండ్లు ఆపుకుని చూశారు. ఎవరికో ఏదో అయి దవాఖానాకు తీసుకుపోతున్నారనుకుని ఒకామె చేతులు జోడించింది. వెనక నుంచి పులిహోర వాసన వస్తోంది. నాకు పెట్టలేదు, పోటీ ముందు తినకూడదట.

పాల్వంచలో కూలీలు, దారిలో ఎక్కినవాళ్ళు అంతా దిగిపోయారు. ఇక ఎక్కిస్తారు కదా అని సైకిలు దిగి నిలబడ్డాను. తలుపు పూర్తిగా తెరిచేలోపే సంతకు పోయే ఇద్దరు ఆడవాళ్ళు కోళ్ళగంపలతో ఎక్కి కూర్చున్నారు. నాన్న కిటికీలోంచి తల బయట పెట్టి, "ఇంక కొంచెమే బిడ్డా" అన్నాడు. నేను మళ్ళీ సైకిలెక్కాను. మాట్లాడితే ఏమంటానో నాకే భయమేసింది.

పోటీ సంగతి ఎక్కువ చెప్పను. మిగతా అమ్మాయిలు నీడలో కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటుంటే, నేను చెమటతో తడిసిపోయి అప్పుడే వచ్చాను. విజిలు వేశారు. సగం దూరం ముందే ఉన్నాను. ఆ తర్వాత తొడలు రాళ్ళయిపోయాయి. ఒక్కొక్కరే నన్ను దాటుతుంటే ఆపడానికి నా కాళ్ళు నావి కావు. ముగ్గురిని తీసుకుంటారు. నేను నాలుగో దాన్ని. మూడో అమ్మాయి వెనక చక్రం నా ముందు చక్రానికి అందేంత దూరంలోనే ఉంది.

నాయనమ్మ ఊరుకోలేదు. గుడ్డ గొడుగు కింద కూర్చున్న సెలక్షను సారు దగ్గరికి నేరుగా వెళ్ళింది.

"సారూ, మా పిల్ల సారపాక కాన్నుంచి తొక్కుకుంట వచ్చింది. ఈ పిల్లలు గిప్పుడు గీడ మొదలువెట్టిన్రు. అందరికీ ఒక్కతీరు లెక్క ఎట్ల ఏస్తవ్?"

"అమ్మా, పోటీ ఇక్కణ్ణుంచే కదా మొదలు" అన్నాడాయన.

"నీకు గీన్నుంచి. దానికి పొద్దుగాల్నుంచి."

అయ్యగారు ముందుకొచ్చి, దారి పొడుగునా తాను సాక్షినన్నారు. కోళ్ళగంప ఆడవాళ్ళలో ఒకామె సంతకు పోకుండా పోటీ చూస్తూ ఉండిపోయింది, తనూ సాక్షినే అంది. ఆ సారు మంచివాడే. అంతా విని, "ఇంట్లో కారు పెట్టుకుని పోటీ రోజు సైకిలు మీదెందుకు పంపారు?" అని అడిగాడు.

"కార్ల జాగా లేకుండె సార్" అంది అమ్మ సన్నగా. ఆయన మా కారు వంక చూశాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా తీరిగ్గా చూశాడు.

"అంత కారులోనా?"

నాన్న వెళ్ళి కారు దగ్గర నిలబడ్డాడు. అందరూ ఎండకు తాళలేక అప్పటికే ఒక్కొక్కరే ఎక్కి ఎవరి జాగాలో వాళ్ళు కూర్చుంటున్నారు. పులిహోర గిన్నె మూత తీశారు. నాన్న వెనక తలుపు లేపి, ముందు తలుపులు రెండూ తెరిచి, "దిగున్రి" అన్నాడు.

"ఏందిరా?" అంది నాయనమ్మ.

"దిగున్రి. అందరు దిగున్రి. బస్సుల రాండ్రి."

"ఒరే, బోణీ ట్రిప్పురా. పాపం తగుల్తది."

"తగలాల్సింది తగిలింది. దిగమ్మా."

అయ్యగారు ఏదో అనబోయారు. అమ్మ ముందుగా దిగి, గిన్నె అందుకుని, అమ్మగారికి చెయ్యి ఇచ్చి దించింది. మా ఇంట్లో ఎవరూ అయ్యగారిని బండిలోంచి దించిన చరిత్ర లేదు. ఆయన బైబిలు చంకన పెట్టుకుని దిగి, రోడ్డు పక్కన నిలబడ్డారు.

నాన్నే సైకిలెత్తి లోపల పడుకోబెట్టాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. పాల్వంచ దాటాక రోడ్డు ఖాళీ అయింది, ఆయన తొక్కాడు. నేను అబద్ధం చెప్పను, ఆ బండి అద్భుతంగా పరుగెత్తింది. మలుపుకు వంగి, తిరిగి లేచి, చెట్లను వెనక్కి విసిరేస్తూ పోయింది. కిటికీలోంచి గాలి కొట్టి నా చెమట ఆరిపోతుంటే నాకు హాయిగా ఉంది. హాయిగా ఉన్నందుకు నా మీద నాకే కోపమొచ్చింది. కిన్నెరసాని వంతెన దగ్గర ఆయన, నన్ను నవ్వించాలనే అనుకుంటాను, "ఎట్లున్నది బండి?" అన్నాడు.

"మంచిగున్నది. పొద్దుగాలనే వాళ్ళను దింపితే ఇంక మంచిగుండేది."

ఆయన కాలు ఆక్సిలేటరు మీంచి తీసేశాడు. బండి దానంతట అది నెమ్మదించి వంతెన అవతల ఆగింది.

"వచ్చే ఏడు నాకు వయసు దాటిపోతది నాయినా."

"తెలుసు" అన్నాడు.

ఆ ఒక్క మాటకు నాకు ఏడుపు ఆగలేదు. తెలియక చేశాడని నేను పొద్దున్నుంచీ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆయన స్టీరింగు పట్టుకుని ఎదుటికి చూస్తూ కూర్చున్నాడు. ఓదార్చడానికి చెయ్యి కూడా వెయ్యలేదు, వేస్తే విసిరికొడతానని ఆయనకు తెలుసు.

ఆ తర్వాత ఆదివారాలు ఆరాధన కాగానే, "సైకిల్ ఎక్కియ్యి" అనేవాడు. ఎందుకు, ఇంక ఏ పోటీ ఉందని అంటే, ఊకెనే అనేవాడు. అడవి రోడ్డు మీద మంచి ఎత్తుపల్లాలున్న చోటికి తీసుకుపోయి సైకిలు దించేవాడు. నేను తొక్కుకుంటూ పోయేదాన్ని, ఆయన తన సరదా కొద్దీ ముందుకు దూసుకుపోయి మళ్ళీ తిరిగొచ్చేవాడు. ఏ పోటీకి తయారవుతోంది పిల్ల అని చెక్‌పోస్టు దగ్గర అడిగితే, ఏ పోటీకీ కాదు అని చెప్పేవాడు. వాళ్ళు మాకు నిజంగానే పిచ్చి అని తీర్మానించుకున్నారు. నాకు ఉద్యోగం వచ్చి ఊరు వదిలేదాకా అలా నడిచింది.

వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దారిలో చెయ్యెత్తేవాళ్ళు. నెత్తిన కట్టెల మోపుతో ముసలమ్మలు, చంటిపిల్లలతో తల్లులు. వెనక అంత జాగా, అందులో ఒక్క సైకిలు. నాన్న, ఎవరినీ కాదనలేని మా నాన్న, వాళ్ళ వంక చూడకుండా పోనిచ్చేవాడు. నాకు వాళ్ళను చూస్తే కడుపు తరుక్కుపోయేది. ఆపు నాయినా అనే మాట నోటిదాకా వచ్చేది. ఒక్కసారి కూడా అనలేదు. ఆపితే దిగాల్సింది మళ్ళీ నా సైకిలే.